చన్నప్ప తెచ్చిన పెద్ద స్క్రీను

గదగ ప్రెస్సుల వీధిలో చన్నవీరప్ప హూగారకు, అదే చన్నప్పకు, పొగరుబోతని పేరు. ఆ పేరు ఈమధ్య వచ్చింది. అంతకు ముందు ఆయనంత మెత్తటి మనిషి లేడని అదే వీధి, అదే నోటితో అనేది. టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యెత్తి నమస్కారం పెడతారు, ఈయన అటు చూడడు. పక్కగా పోతూ నవ్వుతారు, ఈయన ముక్కుకు సూటిగా నడిచిపోతాడు. "చూశావా హూగారను? కళ్ళు నెత్తికెక్కాయప్పా. పంచాంగం తనే కనిపెట్టినట్టు నడుస్తాడు" అని వెనక నవ్వుకుంటారు. అన్ని మాటలు అనేవాళ్ళలో ఒక్కడైనా ఎదురుగా వచ్చి నిలబడి పలకరించి ఉంటే, ఆయన ముఖం చేటంత చేసుకుని పలికేవాడు. ఎదురుగా ఉన్నది ఆయనకు కనపడేది. పక్కన ఉన్నదే పోయింది. ఎండాకాలం చెరువు గట్ల నుంచి ఎండుతూ వచ్చినట్టు ఆయన చూపు అంచుల నుంచి ఎండుతూ వచ్చి, నడుమ కాసిన్ని నీళ్ళు మిగిలాయి. ఆ సంగతి వీధికి తెలియదు, ఆయనకూ తెలియదు. తెలియనివాళ్ళను ఏమనగలం?

బెళవటగి వారి ప్రెస్సులో ఏటేటా పంచాంగం కూర్చేది చన్నప్పే. తండ్రి త్రికూటేశ్వరుడి గుడి ముందు పత్రి, పూలు అమ్మేవాడు. కొడుకు ప్రెస్సులో చేరి సీసం అక్షరాలు గుచ్చడం నేర్చుకున్నాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటి కంపోజిటర్లు చాలామంది "ఇది మనకు కొరుకుడుపడేది కాదురా" అని లేచిపోయి మిర్చి బజ్జీల బండ్లు పెట్టుకున్నారు. చన్నప్ప లేవలేదు. పెళ్ళైన కొత్తలో కూడా అంత సిగ్గుపడలేదేమో గాని, ఆ మౌసు పట్టుకోవడానికి మాత్రం సిగ్గుపడుతూ, చెమటలు కక్కుతూ, నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఇక ఆ కుర్చీ ఆయనదే. ఇంకెవరైనా అందులో కూర్చుంటే కుర్చీ ఎత్తు మారిందని రోజంతా సణిగేవాడు.

పంచాంగమంటే పేపరు కాదు, ఇవాళ తప్పు వేసి రేపు సవరణ వేసుకోవడానికి. నెలకొక పట్టిక. ఎడమ అంచున తేదీ, తర్వాత వారం, తిథి, నక్షత్రం, యోగం, కట్టకడపట కుడి అంచున కరణం. ఆ కడపటి గడిలోనే భద్ర అనే చెడ్డ కరణం వచ్చి కూర్చుంటుంది. భద్ర ఉన్న పూట ఆ సీమలో పెళ్ళి మాట దేవుడెరుగు, కొత్త గేదెను కూడా ఇంటికి తోలుకురారు.

కిందటేడు రోణ దగ్గర ఒక పల్లెలో బెళవటగి పంచాంగం చూసే లగ్నం పెట్టుకున్నారు. అక్షింతలు చేతుల్లో పట్టుకున్నాక పెళ్ళికొడుకు మేనమామ జేబులోంచి ఇంకో పంచాంగం తీశాడు. అందులో ఆ పూట భద్ర ఉంది. దీంట్లో లేదు. పందిట్లో పెద్ద రగడైంది. పెళ్ళి ఆగి, రెండు మూరల పొద్దెక్కాక ఎలాగో జరిగింది. ఆ మేనమామ మాత్రం ఊరుకోలేదు. రెండు పంచాంగాలూ చంకలో పెట్టుకుని గదగ వచ్చి, ప్రెస్సు బల్ల మీద దబ్బున కొట్టాడు.

"ఏం సావుకారే, మీ ప్రెస్సులో భద్రకు సెలవిచ్చారా? ఊరికి పోయిందా ఆవిడ?"

వెతికితే, భద్ర ఆ ఒక్క చోటే కాదు, చాలా చోట్ల ఎగిరిపోయింది. ఈ ఏడు జాగ్రత్తగా ఉందామనుకుంటే మొదటి ప్రూఫుల్లోనే మళ్ళీ కడపటి గడి ఖాళీలు. సావుకారు ముదకప్ప బెళవటగి ప్రూఫు పట్టుకుని చన్నప్ప కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. ఆయన కోపిష్టి కాడు, కాని పంచాంగం దగ్గర మాత్రం ఆయన మనిషి కాడు. వాళ్ళ తాత సంపాదించిన పేరది.

చన్నప్ప ముందున్నది పాత చదరపు మానిటర్. పేజీ పెద్దది చేస్తే కుడి కొన బయటికి జారిపోతుంది, చిన్నది చేస్తే అక్షరాలు ఆవగింజలౌతాయి. సావుకారు దాన్ని చాలాసేపు చూశాడు.

"తప్పు నీది కాదయ్యా. ఈ డబ్బాది. కడపటి గడి గోడ అవతల పడిపోతుంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు? వెడల్పుది తెచ్చుకో. రెండు పేజీలు పక్కపక్కన పెట్టినా అంచు దాకా కనపడాలి. హుబ్బళ్ళి పోయి నువ్వే ఏరుకో. నీ కంటికి ఏది నప్పితే అది."

చన్నప్పకు గుండెల మీంచి రోలు దించినట్టయింది. తప్పు డబ్బాది! ఆ మాటను ఆయన రెండు చేతులా అందుకున్నాడు. తనేదో తప్పు చేస్తున్నాడని లోపల్లోపల కుళ్ళిపోతున్న మనిషికి ఇంతకంటే మంచి మాట ఇంకెవరిస్తారు?

ఇంట్లో ఆ మాట చెల్లలేదు. భార్య కస్తూరవ్వ పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతూ అంతా విని, చివరికి నవ్వింది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట ఎవడో. సరే, స్క్రీను ఇరుకైంది. మరి మన గుమ్మం కూడా ఇరుకైందా? నిన్న భుజం కొట్టుకున్నారు. మొన్న నీళ్ళ బిందె తన్నారు. అటు మొన్న సంతలో ఎవరిదో మేక మీద పడ్డారు. వాటికి కూడా వెడల్పువి తెద్దామా?"

"నీ నోటికో దండం. మేక అడ్డమొచ్చింది."

"అడ్డమొచ్చిన మేక అక్కడే కట్టేసుంది, పాపం."

"రొట్టె మాడుతోంది చూడు."

"మాడేది నాకు కనపడుతోంది. మీకే కనపడదు. ఆ చుక్కల మందు వేసుకోమని నెత్తీ నోరూ కొట్టుకుంటే విన్నారా?"

చుక్కల సంగతి ఇదీ. అంతకు రెండేళ్ళ ముందు ఊళ్ళో కళ్ళ శిబిరం పెట్టారు. అక్కడ ఒక డాక్టరు చన్నప్ప కళ్ళలో వెలుతురు కొట్టి చూసి, కంటి లోపల ఒత్తిడి పెరిగిందనీ, బతికున్నన్నాళ్ళూ రోజూ చుక్కలు వేసుకోవాలనీ చెప్పాడు. చన్నప్ప ఒక సీసా వేసుకున్నాడు. కళ్ళు భగభగ మండాయి. చూపేమో ముందెట్లా ఉందో అట్లాగే ఉంది. నొప్పి లేదు, నీరు కారడం లేదు, ఎర్రబడింది లేదు. సన్నక్షరం సూటిగా చదువుతున్నాడు. "నొప్పి లేని రోగమేమిటి? ఇది మందుల అంగడివాళ్ళ రోగం" అని బైండింగు గదిలో అందరూ తేల్చారు. ఆయన కూడా అదే అనుకుని సీసా పారేశాడు. దానికి మించిన తెలివితక్కువ పని ఆయన జీవితంలో ఇంకొకటి లేదు. అయినా ఆ వీధిలో ఎవరు మాత్రం నొప్పి లేకుండా మందు వేసుకున్నారు గనక?

హుబ్బళ్ళికి కస్తూరవ్వ కూడా బయల్దేరింది. "మీరొక్కరే పోయి ఏ బండి కిందో పడితే సావుకారికి నేనేం జవాబు చెప్పను?" అంది. నిజానికి ఆమెకు భయం పట్టుకుంది. ఆమె భయమెప్పుడూ వెక్కిరింతగానే బయటికొస్తుంది.

నజీర్ అంగడి చన్నప్పకు కొత్త కాదు. ప్రెస్సులో కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా అక్కడికే పట్టుకొచ్చేవాడు. నజీర్ వాగుడుకాయ, నవ్వుతూ పేలుతుంటాడు, కాని సరుకు దగ్గర అబద్ధమాడడు.

"రండి కాకా! అమ్మను కూడా తీసుకొచ్చారే! వెడల్పుదా? ఇప్పుడన్నీ వెడల్పువే కాకా. పెళ్ళి బస్సుల్లా పొడుగ్గా వస్తున్నాయి. చదరపువి చేసేవాళ్ళే లేరు. ఏది కావాలో చెప్పండి, పెళ్ళికూతుళ్ళను కూర్చోబెట్టినట్టు వరసగా పెడతాను."

"కూర్చోబెట్టు. నా పేజీ తెచ్చుకున్నాను. దాంతోనే చూస్తాను" అని చన్నప్ప జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు.

నజీర్ మూడు పెట్టాడు. మొదటిదాంట్లో చైత్రమాసం పేజీ తెరిచాడు చన్నప్ప. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'షష్ఠి'లో ఠవత్తు తోక దాకా తేటగా కనపడుతోంది. కాని తల అడ్డంగా ఊపాడు. "పేజీ పట్టలేదు. చిన్నది."

రెండోది ఇంకా వెడల్పు. "ఇదీ పట్టలేదు."

మూడోది నజీర్, ఇంకో పనివాడూ చెరో పక్క పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టారు. బల్ల ఈ కొన నుంచి ఆ కొన దాకా ఉంది, అంచులు చూసేవాడి వైపు వంగి ఉన్నాయి. చన్నప్ప దాని ముందు నిటారుగా కూర్చుని చూసి, పెదవి విరిచాడు.

"ఏం నజీరా, వెడల్పు వెడల్పని నోరూరించావు. ఇది కూడా ఇరుకే. కరణం గడి రానే లేదు. నీ స్క్రీను కోసేసింది."

నజీర్ పగలబడి నవ్వాడు. "కాకా! దీన్ని మించింది నా అంగట్లో లేదు. దీన్ని మించింది కావాలంటే టాకీసుకు పోవాలి మీరు."

"గడి ఉంది కదండీ" అంది కస్తూరవ్వ. ఆమె నాలుగో తరగతి దాకా చదువుకుంది, కూడబలుక్కుని చదువుతుంది. "బవ అని ఉంది, బాలవ అని ఉంది, కింద భద్ర కూడా ఉంది."

"ఎక్కడే?"

"ఇదిగో" అని ఆమె స్క్రీను కుడి కొన మీద చెయ్యి పెట్టింది. గాజులు దానికి తగిలి గలగలమన్నాయి.

చన్నప్పకు గాజుల చప్పుడు వినపడింది. చెయ్యి కనపడలేదు.

"ఎక్కడే అంటే మాట్లాడవేం? చూపించు."

"చూపిస్తూనే ఉన్నానండీ."

ఆమె వేళ్ళు ఆడించింది. ఆయన సూటిగా ముందుకే చూస్తున్నాడు. ఆమె చెయ్యి తీయకుండా స్క్రీను మీదే మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. కరణం దాటింది. యోగం దాటింది. నక్షత్రం సగం దాటాక చన్నప్ప ముఖం విప్పారింది. "ఆఁ, ఇప్పుడు పెట్టావు. ఇందాకే పెట్టొచ్చుగా?"

నజీర్ నవ్వు ఆగిపోయింది. కస్తూరవ్వ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపును కోపంగా మార్చి, "లేవండి. ముందు లేవండి మీరు" అని ఆయన రెక్క పట్టుకుని లేపింది.

అక్కణ్ణుంచి నేరుగా పోయిన కంటి ఆసుపత్రిలో ఆయన్ను ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించి, చేతిలో ఒక మీట పెట్టారు. లోపల ఒక తెల్లటి గిన్నె. "నడుమ చుక్కనే చూస్తుండండి. చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా మీట నొక్కండి" అంది నర్సు. చన్నప్ప శ్రద్ధగా కూర్చున్నాడు. పని తెలిసిన మనిషి గదా, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. నడుమ ఒకటి మెరిసింది, నొక్కాడు. ఇంకొకటి, నొక్కాడు. తర్వాత ఏమీ రాలేదు. ఓపిగ్గా కాచుకున్నాడు. వేలు మీట మీద అట్లాగే పెట్టుకుని కాచుకున్నాడు.

"ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అని అడిగాడు కొంతసేపటికి.

"అయిపోయిందండీ. రెండో కన్ను చూద్దాం" అంది నర్సు.

డాక్టరమ్మ చిన్నది, కూతురి వయసుంటుంది. కాగితం చూసి చెప్పడానికి ఆమెకు కష్టమైంది. చన్నప్పే వాదనకు దిగాడు. "నాకు నల్లగా ఏమీ కనపడ్డం లేదమ్మా. చూపు పోతే నల్లగా ఉండాలి గదా?"

"మీ వీపు వెనక ఏముందో కనపడుతోందా మీకు?"

"వెనక ఎట్లా కనపడుతుంది?"

"అక్కడ నల్లగా ఉందా?"

చన్నప్ప ఆలోచించాడు. "నలుపూ లేదు, తెలుపూ లేదు. ఏమీ లేదు."

"పక్కలు కూడా అట్లాగే అయిపోయాయండీ. అందుకే మీకు తెలియలేదు. పోయింది ఇక రాదు. ఆపరేషన్‌తోనూ రాదు. చుక్కలు వేసుకుంటే మిగిలింది కొన్నాళ్ళు నిలుస్తుంది. బాగా ముదరబెట్టుకుని వచ్చారు."

కస్తూరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చన్నప్ప మాత్రం ఏడవలేదు. ఆయన బుర్ర ఇంకెక్కడో ఉంది.

"శివరాత్రి దాకా ఉంటుందా అమ్మా?"

"శివరాత్రా?" డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఏదో మొక్కు అనుకుంది. "ఉంటుంది లెండి. దర్శనానికి ఇబ్బంది లేదు."

పంచాంగం శివరాత్రికి అచ్చుకెక్కాలి. ఆయన అడిగింది అందుకు.

బయట బండి దగ్గర మరమరాల గిర్మిట్ పొట్లాలు రెండు తీసుకుని అరుగు మీద కూర్చున్నారు. కస్తూరవ్వ ముట్టలేదు. ఆయన మరమరాలు ఏరుకుని తింటూ లెక్క తేలుస్తున్నాడు.

"స్క్రీను కొనకుండా పోయామనుకో, ఎందుకు కొనలేదంటాడు సావుకారు. కొన్నామనుకో, ఇక తప్పొస్తే నా నెత్తినే. పాత డబ్బా ఉన్నన్నాళ్ళూ పాపం అదే మోసింది."

"నిజం చెప్పేద్దాం. ఆయనేమీ రాక్షసుడు కాడు."

"రాక్షసుడు కాడు కాబట్టే లేవమంటాడు. కళ్ళు కాపాడుకో నాయనా, ఇంట్లో కూర్చో అంటాడు. ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యాలే? గుమ్మాలు కొట్టుకోవాలా? ఈ ఒక్క పంచాంగం నా చేత్తో వెళ్ళిపోనివ్వు. ఒక్కటి. పోయినేడుది తప్పుల తడకై పోయింది. హూగార చివరికి కూర్చింది అదేనని జనం అనుకోకూడదు."

ఆమె తన పొట్లం కూడా ఆయన ఒళ్ళో పెట్టింది. "తినండి. మెత్తబడిపోతోంది" అంది.

అంగట్లోకి మళ్ళీ అడుగుపెట్టేసరికి నజీర్ నోట హాస్యం పోయింది. సంగతంతా విని తల వంచుకున్నాడు.

"కాకా, నా మాట వినండి. మీకు వెడల్పు దండగ. పాత సరుకులో మంచి చదరపుది ఉంది. మీ చూపంతలోనే పేజీ పడుతుంది, తల తిప్పే పని ఉండదు. ఊరికే ఇస్తాను, పట్టుకుపోండి."

"సావుకారు వెడల్పుది తెమ్మన్నాడు. వెడల్పుదే ఇవ్వు" అన్నాడు చన్నప్ప. "అయితే ఒకటి. చూసి తీసుకుంటాను."

అప్పుడు చూశాడాయన. ఎంత చక్కగా చూశాడు! తలను ఒక కొన నుంచి ఇంకో కొనకు, పై నుంచి కిందికి, బియ్యంలో రాళ్ళు ఏరే మనిషిలా నెమ్మదిగా తిప్పుకుంటూ, స్క్రీనంతా జానెడు జానెడు చూసుకుంటూ వచ్చాడు. వంగినది వద్దన్నాడు. పట్టిక గీతలు దాంట్లో వంకరపోతాయి, గీత వంకరైతే వరస తప్పుతుంది. మెరిసేది వద్దన్నాడు. పైన ట్యూబులైటు దాంట్లో పడి తిథులను కప్పేస్తోంది. ఇంకొకటి అంతా బాగానే ఉంది గాని కింది మూలలో తెలుపు పసుపుకు తిరిగింది. "కాగితం తెల్లగా ఉన్నప్పుడు స్క్రీను పచ్చగా ఉంటే కూర్చునేవాడి కన్ను మోసపోతుంది" అన్నాడు. నజీర్ విసుక్కోకుండా అడిగినవన్నీ దించి పెట్టాడు. చివరికి వంపు లేనిది, మెరుపు లేనిది, రెండు పేజీలు నిండుగా పట్టేది ఒకటి తేలింది. చన్నప్ప దాని నాలుగు మూలలూ మళ్ళీ ఒకసారి చూసి, "ఇది" అన్నాడు.

ప్రెస్సులో ఆ రోజు పండగే. సావుకారు కొబ్బరికాయ కొట్టించాడు. బైండింగు గదివాళ్ళు, మిషన్ వాళ్ళు, ఎదురు టీ అంగడివాడు కూడా వచ్చి చూశారు. "అబ్బో, హూగారది ఇప్పుడు రాజదర్బారు!" అన్నాడొకడు. "ఇక మనల్ని అసలు చూడడు" అన్నాడు ఇంకొకడు. చన్నప్ప నవ్వాడు. ఎటు నుంచి అన్నారో తెలియక ముందుకే చూస్తూ నవ్వాడు.

పని మాత్రం నరకమైంది. కస్తూరవ్వ రోజూ చుక్కలు వేస్తోంది. ఆయన ఎవరూ లేనప్పుడు పేజీని స్క్రీను నడుమకు ముడిచి అరచెయ్యంత చేసుకునేవాడు, ఎవరైనా వస్తే గబుక్కున విప్పేవాడు. విప్పితే తేదీ ఒక దేశంలో, కరణం ఇంకో దేశంలో. తేదీ చూసి, తల తిప్పి, తిథి, నక్షత్రం దాటి, కుడి కొనకు వచ్చేసరికి ఏ వరసలో బయల్దేరాడో మరిచిపోయేవాడు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకు. సాయంత్రానికి మెడ కర్రలా బిగుసుకుపోయేది. అయినా చైత్రంలో ఒక్క భద్ర ఎగిరిపోలేదు. సావుకారు ప్రూఫు చూసి, "చెప్పలేదూ? డబ్బాదే తప్పు!" అని అందరికీ వినపడేట్టు అన్నాడు. ఆ రోజు చన్నప్ప ఇంటికి బజ్జీలు కట్టించుకుని వెళ్ళాడు.

వైశాఖంలో దొరికాడు. భద్రలన్నీ ఉన్నాయి. కాని మంగళవారం నక్షత్రం పక్కన బుధవారం యోగం కూర్చుంది. అక్కణ్ణుంచి నెలాఖరు దాకా కుడి పక్క అంతా ఒక వరస పైకి ఎగబాకింది. ఒక గడి పోవడం వేరు, ఇది నెలంతా అబద్ధమే. సావుకారు ప్రూఫు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్త స్క్రీను వైపు చూశాడు. చన్నప్ప వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. మిషన్లు ఆగాయి. చన్నప్ప ఒక్కడే కూర్చుని వైశాఖం సరిచేస్తున్నాడు. కస్తూరవ్వ ఫోన్ చేసింది. చుక్కలు వేయించుకోకుండా వెళ్ళారని ఆమె తగువు.

"వేసుకుంటాలే, వచ్చి వేసుకుంటా. అరవకు... ఏమో మరి, నిన్నటి నుంచి మాట్లాడ్డం లేదు. ఛ, తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది? ఎవరున్నారిక్కడ, నేనొక్కణ్ణే. ఇదిగో విను. నడుమ కూడా కొంచెం మసకేసినట్టుంది నాలుగు రోజులుగా. భయపడకు. శివరాత్రి దాకా నెట్టుకొస్తే చాలు. జ్యేష్ఠం, ఆషాఢం ఇంటికి తెచ్చుకుంటాను, నువ్వు గడులు చదివి పెడుదువు గాని. సావుకారికి ఏం తెలుస్తుంది? ఆయన అచ్చయిన కాగితం చూస్తాడు గాని నా కళ్ళు చూస్తాడా?"

ఫోన్ పెట్టేశాడు. మౌసు కోసం చెయ్యి చాపాడు. అప్పుడు కుడి పక్క నుంచి, చెవి దగ్గర నుంచి, ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది.

చన్నప్ప తల తిప్పాడు. సావుకారు ముదకప్ప బల్లకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. చేతిలో వైశాఖం ప్రూఫు ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎప్పుడొచ్చారు సావుకారే?"

"నువ్వు ఫోనెత్తక ముందేనయ్యా. నీ పక్కనే ఉన్నాను. నీ భుజం మీద చెయ్యేద్దామనే వచ్చాను."

చన్నప్ప లేవబోయి, మళ్ళీ కుర్చీలోనే సర్దుకుని కూర్చున్నాడు. "ఈ ఒక్కటి సావుకారే. ఈ ఒక్క పంచాంగం కానివ్వండి. మా ఆవిడ చదివి పెడుతుంది. తప్పు రానివ్వను. ఆ శివుడి మీద ఒట్టు."

"బట్టల అంగడి కరపత్రమైతే నీకోసం పది తప్పులు మింగేవాణ్ణి. పెళ్ళి పత్రికైనా మింగేవాణ్ణి. ఇది పంచాంగమయ్యా చన్నప్పా. దీన్ని చూసుకుని జనం బిడ్డలకు పేర్లు పెడతారు, చచ్చినవాళ్ళకు దినాలు పెడతారు." సావుకారు చేతిలోని ప్రూఫు మడిచాడు. "సోమవారం నుంచి ఇంకొకణ్ణి కూర్చోబెడతాను. నువ్వు రావడం మానొద్దు. రా. వాడి పక్కన కూర్చుని ఎట్లా కూర్చాలో చెబుతుండు."

"పక్కన కూర్చుంటే నాకేం కనపడుతుంది సావుకారే?"

 పాపం, సావుకారు మంచివాడు. ఏదో ఒక మంచి మాట అనాలి గదా అని అటూ ఇటూ వెతుక్కున్నాడు. కొత్త స్క్రీను మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఇది మాత్రం మంచిది ఏరి తెచ్చావయ్యా. ఇంత పనిలోనూ కన్ను లాగదు. వచ్చేవాడికి హాయిగా ఉంటుంది."

"చూసే తెచ్చాను సావుకారే" అన్నాడు చన్నప్ప. "మూలమూలా చూశాను."